పరిష్కర్త చేతి చలవ

తెలుగు సాహిత్య చరిత్రలు కవుల పేర్లతోనూ కృతిపతుల పేర్లతోనూ నిండి ఉంటాయి. ఆ కృతి మన చేతికి అందేలోగా దాన్ని అక్షరమక్షరం చదివి, దిద్ది, అచ్చుకు సిద్ధం చేసిన మనిషికి మాత్రం పీఠిక చివర ఒక కృతజ్ఞతావాక్యం దక్కితే గొప్ప. ఆ మనిషినే పరిష్కర్త అంటున్నాం. ఈ వ్యాసంలో ఆయన పనిని గురించి, ఆ పనికి కూలి ఇచ్చి చేయించుకోవడంలోని లాభాన్ని గురించి, అందులోని ప్రమాదాన్ని గురించి కూడా, మూడు చారిత్రక సందర్భాల ఆధారంగా చెప్పదలచుకొన్నాం.

ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. హోసూరు, కోలారు, పర్లాకిమిడి, సోలాపురం, యానాం వంటి చోట్ల పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థులు తమ ఊరి కథలు, ఇంటి పెద్దల పాటలు, కుల చరిత్రలు రాస్తున్నారు. రాసినదాన్ని మరొకరి చేత దిద్దించుకోండి అని మేము చెప్పినప్పుడు రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. మా రాతకు డబ్బిచ్చి మరొకరిని పెట్టుకోవడం ఎందుకన్నది మొదటిది. ఆంధ్రదేశపు పండితుడి చేతిలో పెడితే మా ఇంటి మాట మాకు మిగులుతుందా అన్నది రెండవది. మొదటిదానికి జవాబు చెప్పడం తేలిక. రెండవది న్యాయమైన భయం.

కడప బంగళాలో పండితులు

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చాడు. ఆనాటికి తెలుగు కావ్యాలు చాలావరకు తాటాకుల్లోనే ఉన్నాయి. తాటాకు ప్రతిలో పద్యం పాదాలుగా విడిపోయి కనిపించదు. గంటం సాగినంత దూరం అక్షరాలు వరసగా సాగిపోతాయి. ఒకరి నుంచి మరొకరు నకలు తీస్తున్నకొద్దీ అక్షరాలు జారతాయి, మాటలు మారతాయి, ఎవరో అంచున రాసుకొన్న పద్యం మూలంలోకి చొరబడుతుంది.

బ్రౌన్ దీనికి కనుగొన్న ఉపాయం పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టడం. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, వాటిని ఒకదాని పక్కన మరొకటి పెట్టి చదివించడం, పాఠాంతరాలు గుర్తించి శుద్ధప్రతి రాయించడం - ఇదీ అక్కడి పని. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి వంటి పండితులు ఆయనకు ఈ విధంగా తోడ్పడ్డారు. కడపలో ఆయన బంగళాలో సాగిన ఈ కృషిని జనం బ్రౌన్ కాలేజీ అన్నారు. ఖర్చంతా ఆయన సొంత చేతి నుంచే; అందుకోసం అప్పులు కూడా చేశాడు.

ఆ జీతాలకు ఫలితం ఏమిటి? బ్రౌన్ 1829లో అచ్చువేసిన వేమన పద్యాల సంపుటిలో 693 పద్యాలుంటే, 1839 నాటి ముద్రణలో 1164 ఉన్నాయి. జూలూరి అప్పయ్య వ్యాఖ్యానంతో వసుచరిత్ర 1844లోనూ, మనుచరిత్ర 1851లోనూ వెలువడ్డాయి. శ్లేషలతో నిండిన వసుచరిత్ర వంటి కావ్యం గురువు పక్కన లేని పాఠకుడికి కూడా అందుబాటులోకి వచ్చిందంటే అది వ్యాఖ్యాత చలవే. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు వెనుక కూడా పండితుల శ్రమ ఉంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. పండితుడు తప్పు పట్టుకొన్నది కేవలం ఊహతో కాదు. అక్షరం జారితే గణం తప్పుతుంది; యతి కుదరకపోతే చెవికి తెలిసిపోతుంది; ఒక ప్రతిలో చెడినది మరొక ప్రతిలో సరిగా ఉంటుంది. రాసినవాడి కన్ను తాను రాయదలచినదాన్ని చదువుతుంది, కాగితం మీద ఉన్నదాన్ని కాదు. పరిష్కర్త కన్ను ఉన్నదాన్ని చదువుతుంది. డబ్బిచ్చి కొనుక్కొనేది ఆ రెండవ కన్నునే. మొదటి అభ్యంతరానికి మా సమాధానం ఇదే.

తంజావూరు కావ్యం, రెండు ముద్రణలు

రెండవ భయానికి ఆధారం కూడా చరిత్రలోనే ఉంది. ముద్దుపళని తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని కాలపు (1739-1763) కవయిత్రి. ఆమె రాసిన రాధికాసాంత్వనము తమిళనాట పుట్టిన తెలుగు కావ్యాల్లో ముఖ్యమైనది. దీన్ని 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరించి అచ్చువేయించారు. ఆయన బ్రౌన్‌తో పనిచేసిన అనుభవం ఉన్నవారు. అయినా ఆ ముద్రణలో కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన ఇంటి ఆడవారిని పేరుపేరున తలచుకొన్న అవతారిక కూడా లేదు.

ఈ లోపాన్ని బయటపెట్టినది బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టి, మద్రాసులో సంగీత విద్వాంసురాలిగా పేరు పొందిన ఆమె, కావ్యపు రాతప్రతిని సంపాదించి అచ్చుప్రతితో పోల్చి చూసింది. వదిలివేసినవాటిని తిరిగి చేర్చి, తన పీఠికతో 1910లో వావిళ్ళ వారి చేత ప్రచురింపజేసింది. 1911లో అశ్లీలమన్న అభియోగంతో ప్రభుత్వం ప్రతులను పట్టుకొంది. పుస్తకం నిషేధానికి గురైంది. టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో నిషేధం తొలగింది. 1952లో వావిళ్ళ వారు మళ్ళీ అచ్చువేశారు. నాగరత్నమ్మ కన్నుమూసింది కూడా ఆ ఏడే.

వెంకటనరసు అసమర్థుడని మేము అనడం లేదు. ఆయనకు విద్య ఉంది, అనుభవం ఉంది. కాని లేఖకుడి తప్పును దిద్దడం వేరు, కవయిత్రి మాటను తీసివేయడం వేరు. మొదటిది పరిష్కారం, రెండవది కత్తిరింపు. ఆ తేడా పాఠకుడికి ఎలా తెలిసింది? రాతప్రతి మిగిలి ఉంది కనుక తెలిసింది. మూలం పోయి ఉంటే, కన్నడ సీమలో పుట్టిన ఒక స్త్రీ తమిళ సీమ తెలుగు కవయిత్రికి న్యాయం చేయగలిగి ఉండేది కాదు.

పర్లాకిమిడి నుంచి ఒక హెచ్చరిక

గిడుగు రామమూర్తి (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడిన తరువాత అది బడుల్లో ప్రమాణమైంది. దానికి ఒదగని ప్రయోగం కనిపిస్తే తప్పుగా భావించి దిద్దడం కొందరు పండితులకు అలవాటైంది. గిడుగు పాత కావ్యాల నుంచి, శాసనాల నుంచి ప్రయోగాలు ఏరి చూపి, తప్పని కొట్టివేస్తున్న రూపాలు పూర్వకవులు వాడినవేనని రుజువు చేశారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, దానికి నిరసనగా ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు.

గిడుగు పాఠం మన బోటి వారికి మరీ దగ్గరిది. దక్షిణాన అవ్వ నోట "ఉండాది" అన్న మాట వస్తే అది తప్పు కాదు, ఆ సీమ తెలుగు. దాన్ని "ఉంది" అని దిద్దితే అవ్వ నోరు మూసినట్టే. విద్యార్థి దాన్నే "ఉండాధి" అని రాస్తే అది మాత్రం రాతలో దొర్లిన తప్పు. తమిళ లిపిలో ద, ధలకు వేరు అక్షరాలు లేవు కనుక, ఆ లిపిలో చదువుకొన్నవారికి ఇటువంటి పొరపాట్లు సహజం. మొదటిదాన్ని కాపాడి, రెండవదాన్ని దిద్దగలవాడే మనకు కావలసిన పరిష్కర్త. పులికాటు సరస్సు ప్రాంతపు పలుకుబడితో స. వెం. రమేశ్ రాసిన ప్రళయకావేరి కథలు చదివినవారికి, ఆ మాటలను బడి తెలుగులోకి మార్చి ఉంటే ఏమి పోయేదో వేరే చెప్పనక్కరలేదు.

ముగింపుగా విద్యార్థులకు మా సూచనలు ఇవి. రాసినదాన్ని దిద్దించండి, ఊరికే చేయమని స్నేహితుణ్ణి మొగమాటపెట్టకుండా, శ్రమకు తగిన ప్రతిఫలం ఇచ్చి చేయించండి. జీతం ఇచ్చిన చోటే గడువు అడగవచ్చు, కారణం అడగవచ్చు. పని మొదలుకాకముందే మీ ఊరి మాటల జాబితా ఒకటి ఇచ్చి, వీటిని మార్చవద్దని చెప్పండి. మార్చిన ప్రతిచోటా గుర్తు పెట్టమనండి. ఎందుకు మార్చారో అర్థం కానిచోట ఒప్పుకోకండి. అర్థమైనచోట పంతానికి పోకండి. అన్నిటికంటే ముఖ్యంగా, దిద్దకముందటి ప్రతిని భద్రంగా దాచండి. నాగరత్నమ్మకు ఆనాడు దొరికినది అటువంటి ప్రతే. రేపు మీ అవ్వ మాట కోసం వెతికేవారికి కూడా అదే దొరకాలి.