వీధి నుంచి ఫోన్‌లోకి: ఎస్కార్ట్ వ్యాపారాన్ని ఇంటర్నెట్ ఎలా మార్చింది?

నేను ఆత్మకూరు నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి టాపిక్ వినగానే కొంతమంది గబగబా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారు, కొంతమంది ఛీ అని ఫోన్ పక్కన పడేస్తారు. రెండూ వద్దు. ఇది మసాలా వీడియో కాదు. మీ చేతిలో ఉన్న ఫోన్ ఒక పాత వ్యాపారాన్ని ఎలా మార్చేసిందో చెప్పే చరిత్ర. మన ఆత్మకూరు, ఉదయగిరి పిల్లలకి దీంతో పనేంటి అంటారా? చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఉదయగిరి కోట నుంచే మొదలుపెడదాం. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల దగ్గర నుంచి ఆ కోటను గెలుచుకున్నాడు. దానికి చాలా ముందే, 1443లో, హెరాత్ సుల్తాన్ షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరం వచ్చాడు. అక్కడి వేశ్యావాటిక గురించి రాస్తూ, ఆ ఇళ్ల మీద వచ్చే పన్నుతోనే నగరం కాపలా భటులకు జీతాలు ఇచ్చేవారని చెప్పాడు. గమనించండి. ఆ రోజుల్లో ఈ వృత్తికి ఒక వీధి ఉంది, ఒక లెక్క ఉంది. ఆ ఆడవాళ్లు సుఖంగా ఉన్నారా లేదా అన్నది వేరే మాట. కానీ ఎక్కడున్నారో ఊరందరికీ తెలుసు.

తర్వాత బ్రిటిష్ కాలం. మన నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. వీరేశలింగం పంతులు గారు భోగం మేళాలకు వ్యతిరేకంగా గట్టిగా రాశారు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసీ పద్ధతి పోవాలని మద్రాసు శాసనమండలిలో పోరాడారు. అదే సమయంలో బెంగళూరు నాగరత్నమ్మ లాంటి వాళ్లు, దేవదాసీలందరినీ వ్యభిచారం అనే ఒక్క గాటన కట్టొద్దని వాదించారు. చివరికి 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లల్ని గుడికి అంకితం చెయ్యడాన్ని నిషేధించింది.

1956లో దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది. 1986లో సవరించి దాని పేరు మార్చారు. ఇప్పుడు దాన్ని ఇమ్మోరల్ ట్రాఫిక్ ప్రివెన్షన్ యాక్ట్ అంటున్నాం. ఈ చట్టాన్ని చదివితే ఒక విషయం తెలుస్తుంది. అందులో ప్రతిదీ ఒక చోటుతో ముడిపడి ఉంది. ఇల్లు, గది, వాహనం, బహిరంగ ప్రదేశం, గుడికి బడికి ఎంత దూరం. ఎందుకంటే అప్పట్లో వ్యాపారం చోటు మీదే నడిచింది. బస్టాండ్ పక్కన లాడ్జి, హైవే మీద లారీలు ఆగే జాగా, మధ్యలో ఒక బ్రోకర్. పోలీసు ఎక్కడికి వెళ్లాలో తెలుసు, విటుడికీ తెలుసు, ఊరికీ తెలుసు.

ఈ చోటుని మొదట మాయం చేసింది ఇంటర్నెట్ కాదు, సెల్‌ఫోన్. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న జరిగింది. రెండు వారాల తర్వాత, ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ ఇచ్చింది. కానీ అప్పట్లో ఫోన్ వస్తే కూడా డబ్బులు కట్టాలి. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాకే సామాన్యుడి జేబులోకి ఫోన్ వచ్చింది. అప్పటి నుంచి మనిషి లాడ్జి ముందు నిలబడాల్సిన పని లేదు. నంబర్ ఉంటే చాలు. విచిత్రం ఏంటంటే, సరిగ్గా అదే 2003లో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో హెచ్ఐవీ నివారణ కోసం ‘ఆవాహన్’ అనే పెద్ద కార్యక్రమం మొదలైంది. ఆరోగ్య కార్యకర్తలు బస్టాండ్లకీ లాడ్జీలకీ వెళ్లి ఆ ఆడవాళ్లని కలిసి కండోమ్‌లు ఇవ్వాలి, పరీక్షలు చేయించాలి. మనుషులు ఫోన్‌లోకి వెళ్లిపోయే కొద్దీ వాళ్లని చేరుకోవడం కష్టమైపోయింది.

అమెరికాలో ఈ మార్పు ఇంకా ముందే వచ్చింది. క్రెయిగ్స్‌లిస్ట్ అనే సైట్‌లో పాత సోఫా అమ్మినట్టే ఈ ప్రకటనలూ వచ్చేవి. ఒత్తిడి పెరిగి 2010లో ఆ విభాగం మూసేశారు. వ్యాపారం బ్యాక్‌పేజ్ అనే సైట్‌కి వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం దాన్నీ స్వాధీనం చేసుకుంది, అదే నెలలో ఫోస్టా అనే కొత్త చట్టం తెచ్చింది. దీనికి రెండు ముఖాలున్నాయి. చిన్నపిల్లల్ని అమ్మే ముఠాలు ఆ సైట్లు వాడుకున్నాయి, అది నిజం. ఇష్టంతో ఈ పని చేసే ఆడవాళ్లు బ్రోకర్ లేకుండా, వచ్చేవాడెవడో ముందే విచారించుకుని జాగ్రత్తపడటానికీ అవే సైట్లు వాడారు, అదీ నిజమే. మూసేసరికి ముఠాలు వేరే చోటికి పోయాయి, ఈ ఆడవాళ్ల జాగ్రత్త మాత్రం పోయింది.

మన తెలుగువాళ్ల ఉదాహరణ కూడా ఉంది. అదే 2018లో షికాగోలో ఒక తెలుగు జంట మీద కేసు పెట్టారు. తెలుగు సాంస్కృతిక కార్యక్రమాల పేరు చెప్పి నటీమణుల్ని విజిటర్ వీసాల మీద రప్పించి వ్యభిచారం చేయించారన్నది అక్కడి అధికారుల ఆరోపణ. వీధి లేదు, బోర్డు లేదు. బేరమంతా ఫోన్ మెసేజ్‌లలోనే. అంటే బ్రోకర్ పోలేదు, కూర్చునే చోటు మారింది అంతే.

ఇక మన దేశానికి వద్దాం. 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 240 ఎస్కార్ట్ సైట్లను బ్లాక్ చేసింది. సెప్టెంబర్‌లో జియో వచ్చింది. ఒకవైపు తలుపు మూశారు, మూడు నెలల్లో గోడే కూలిపోయింది. మెట్ట ప్రాంతంలో చేలల్లో పనిచేసే కుర్రాడి చేతిలోకి కూడా డేటా వచ్చేసింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రోజు నెట్‌లో కనపడే ‘ఎస్కార్ట్’ ప్రకటనల్లో చాలావాటి వెనక ఏ అమ్మాయీ ఉండదు. ఊళ్ల పేర్లు మార్చి మార్చి ఒకే పేజీని వందల ఊళ్లకి వేస్తారు. ఫొటోలు ఎవరి ఇన్‌స్టా నుంచో ఎత్తేసినవి. ఆ ఫొటో ఆత్మకూరులో డిగ్రీ చదువుకునే పిల్లదీ కావచ్చు, ఆ పిల్లకి తెలియను కూడా తెలియదు. ముందు రిజిస్ట్రేషన్ అని కొంచెం, తర్వాత సెక్యూరిటీ డిపాజిట్ అని ఇంకొంచెం, క్యూఆర్ కోడ్ పంపిస్తారు. డబ్బు ఆగితే బెదిరింపు మొదలు. ఇంకో రకం, తెలియని నంబర్ నుంచి వీడియో కాల్. రికార్డ్ చేసి, నీ కాంటాక్ట్స్ అందరికీ పంపుతామంటారు. తర్వాత ‘పోలీస్ ఆఫీసర్ని’ అంటూ ఇంకొకడు ఫోన్ చేస్తాడు. వాడూ ఆ ముఠావాడే.

ఆడపిల్లలకి వల వేరేగా ఉంటుంది. సిటీలో స్పా ఉద్యోగం, ఈవెంట్లలో పని, ఎక్కువ జీతం, రూమ్ ఫ్రీ. మన మెట్ట మండలాల్లో వానలు లేక, పని కోసం బెంగళూరుకీ చెన్నైకీ కువైట్‌కీ వెళ్లే ఇళ్లు ఎన్నో. ఒకప్పుడు ఏజెంట్ ఊళ్లోకి రావాలి, నలుగురూ వాడి మొహం చూసేవాళ్లు. ఇప్పుడు వాడు వాట్సాప్‌లోనే ఉంటాడు. మొహం ఎవరూ చూడరు.

2022 మే 19న సుప్రీంకోర్టు, మన ఆంధ్రాకి చెందిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ధర్మాసనం, స్పష్టంగా చెప్పింది. సెక్స్ వర్కర్లకీ రాజ్యాంగం ఇచ్చిన గౌరవం ఉంది. దాడుల్లో వాళ్లని అరెస్ట్ చేసి వేధించొద్దు, మీడియా వాళ్ల మొహాలు చూపించొద్దు. ఇష్టంతో చేసే పని వేరు, బలవంతంగా దింపడం వేరు. ఆ బలవంతం నేరం.

రాజుల కాలం నుంచి ఇప్పటిదాకా ఒకటి మాత్రం మారలేదు. సంపాదన ఇంకొకడిది, పరువు భయం మాత్రం బలైనవాళ్లది. బ్లాక్‌మెయిల్ చేసేవాడి పెట్టుబడి కూడా మన పరువు భయమే. అందుకే తమ్ముడూ, అలా ఇరుక్కుంటే ఇంకో రూపాయి కూడా కట్టకు, చాట్ డిలీట్ చెయ్యకు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. చెల్లెమ్మా, నీ ఫొటో ఎక్కడైనా కనపడితే, ఎవరైనా బలవంతం చేస్తే 181 ఉంది, 112 ఉంది. పిల్లలైతే 1098. ఇంట్లో పెద్దవాళ్లకి ఒక మాట: పిల్లలు వచ్చి చెప్తే ముందు తిట్టకండి. తిట్లకి భయపడే చాలామంది నోరు విప్పరు, కొందరు ప్రాణాలే తీసుకుంటున్నారు.

ఈ ఎపిసోడ్‌ని సిగ్గుపడకుండా మీ ఫ్రెండ్స్‌కి పంపించండి.