సరిహద్దు రాజుల బుద్ధుడు

చైనా చరిత్ర గురించి మనవాళ్ళలో రెండు నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. అది వేల ఏళ్ళుగా ఎక్కడా తెగని ఒకే జాతి కథ అన్నది మొదటిది. వాళ్ళ బౌద్ధమంతా మనం పంపిందే అన్నది రెండోది. ఇక్కడ చైనాలో స్థిరపడ్డ మా తెలుగువాళ్ళ నోటా ఈ మాటలు వినబడుతూనే ఉంటాయి. వాయవ్యాన గాన్సు రాష్ట్రంలో, లాన్‌జౌ నగరానికి నైరుతి దిక్కున, హోయాంగ్‌హో నది ఎర్రటి ఇసుకరాతి కొండలను కోసుకుంటూ పారే చోట బింగ్‌లింగ్ గుహాలయం ఉంది. నిలువుగా లేచిన కొండచరియలో రెండువందలకు దగ్గరగా గుహలూ గూళ్ళూ తొలిచారు. వాటిని వరుసగా చూసుకుంటూ పోతే పై రెండు నమ్మకాలూ నిలబడవు. ఈ నేలలో బౌద్ధానికి రాజ్యబలం తెచ్చిపెట్టడంలో పెద్ద వంతు హాన్ జాతి చక్రవర్తులది కాదు, భారతీయ భిక్షువులది మాత్రమే కూడా కాదు. హాన్ పండితులు అనాగరికులని ఈసడించిన సరిహద్దు తెగల రాజులది.

ముందు సాక్ష్యం చూద్దాం. చరియలో బాగా ఎత్తున, సహజంగా ఏర్పడిన పెద్ద బిలాన్ని 169వ గుహ అంటారు. అందులో అమితాయుర్బుద్ధుడి విగ్రహం ఉన్న గూటి పక్కన సిరాతో రాసిన ఒక శాసనం ఉంది. 1963లో జరిగిన పరిశీలనలో ఇది బయటపడింది. అందులోని రాజశకం సాధారణ శకం 420కి సరిపోతుంది. చైనా గుహాలయాల్లో నేటికి మిగిలిన తేదీ ఉన్న రాతల్లో ఇదే అతి పాతదని పండితుల మాట. ఆ శకం పశ్చిమ చిన్ అనే చిన్న రాజ్యానిది, దాన్ని ఏలింది షియాన్‌బెయ్ తెగకు చెందిన చీఫు వంశం. 304 నుంచి 439 దాకా ఉత్తర చైనా ముక్కలై, చరిత్రకారుల లెక్కలో పదహారు రాజ్యాలుగా సాగింది. వాటి స్థాపకుల్లో ఎక్కువమంది హాన్‌లు కారు. వాళ్ళకు సైన్యం ఉంది, పన్నులు వసూలు చేసే బలం ఉంది. లేనిదల్లా సింహాసనానికి హక్కు చూపే వంశచరిత్ర. కన్ఫ్యూషియస్ సంప్రదాయం వాళ్ళను బయటివాళ్ళుగానే చూసింది. పుట్టుకను అడగని బుద్ధుడు వాళ్ళకు అక్కరకొచ్చాడు. ఇది నా ఊహ కాదు. 4వ శతాబ్దంలో షీ హూ అనే రాజుకు అతని మంత్రి ఒకడు, బుద్ధుడు పరదేశపు దేవుడు, మన పూజకు తగడని విన్నవించాడు. తానూ సరిహద్దులో పుట్టినవాణ్నే కాబట్టి ఆ దేవుడే తనకు తగినవాడని రాజు జవాబిచ్చినట్టు చైనా గ్రంథాలే చెబుతున్నాయి.

ఇంత మారుమూల కొండలోయలో రాజకీయం ఏముంటుంది, ధ్యానానికి ఏకాంతం వెతుక్కున్న భిక్షువుల చోటే కదా అని అడగవచ్చు. ధ్యానం జరిగిన మాట నిజమే. కానీ ఆ రోజుల్లో అది మారుమూల కాదు. పశ్చిమ చిన్ రాజధాని ఫూహాన్, అంటే నేటి లిన్‌షియా, ఇక్కడికి దగ్గరే. పడమటికి పోయే వర్తకుల దారుల్లో ఒకటి ఈ ప్రాంతంలోనే నది దాటేది. 5వ శతాబ్దం తొలి ఏళ్ళలో చీఫు రాజులు ఇక్కడ హోయాంగ్‌హో మీద మూడేళ్ళు శ్రమించి ఎత్తైన వంతెన కట్టించారని పాత భౌగోళిక గ్రంథం ఒకటి చెబుతోంది. మనం బడి పుస్తకాల్లో చదువుకున్న ఫాహియాన్ కూడా 399లో చాంగాన్ నుంచి భారతదేశానికి బయలుదేరి, తొలి వర్షావాసం చీఫు రాజు రాజ్యంలోనే గడిపాడు. 169వ గుహ గోడ మీద పరదేశం నుంచి వచ్చిన ఒక భిక్షువు బొమ్మ ఉంది. పక్కనున్న రాత ఆయన్ను రాజ్యపు మహాధ్యానగురువుగా పేర్కొంటుంది. రాజ్యం పేరుతో బిరుదు మోసిన సన్యాసి రాజ్యానికి దూరంగా ఉన్నాడని అనలేం.

అలాగైతే ఆ గురువులూ, ఆ సూత్రాలూ వచ్చింది భారతదేశం నుంచీ, దాని పొరుగు నుంచే కదా, ఘనత మనదే కదా అంటారు. విత్తనం మనదే, కాదనను. కానీ అనువాదక భిక్షువు కుమారజీవుణ్ని 401లో చాంగాన్‌కు రప్పించి, వందలమంది పండితులను ఇచ్చి అనువాదాలు చేయించిన యావో షింగ్ కూడా హాన్ కాడు, ఛియాంగ్ తెగ రాజు. శ్రీపర్వతంతో, మన నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడి మధ్యమక కారికలు 409లో చైనా భాషలోకి వచ్చింది అతని ఆదరణలోనే. ఇక రూపం సంగతి. మన గుంటుపల్లిలో కొండను తొలిచి, చెక్క వాసాల కప్పును రాతిలో దించి, నడుమ స్తూపం నిలిపారు. 169వ గుహలో అలాంటి చైత్యం లేదు. ఉన్న బిలాన్ని ఉన్నట్టే వాడుకుని మట్టితో విగ్రహాలు మలిచారు. గోడ మీద, జబ్బుతో మంచాన పడుకుని ఉండగానే మహాభిక్షువులను వాదంలో ఓడించిన గృహస్థు విమలకీర్తిని చిత్రించారు. సంసారం విడవకుండానే జ్ఞాని కావచ్చని చూపే ఈ ఘట్టం చైనా చిత్రకళలో తర్వాత శతాబ్దాల పాటు నిలిచింది. కుటుంబాన్ని వదలడమే తప్పని భావించే సమాజానికి ఏ కథ కావాలో ఏరుకున్నది ఇక్కడివాళ్ళే.

నా వాదనకు అసలు చిక్కు 446లో ఉంది. ఆ ఏడు బౌద్ధాన్ని తుడిచిపెట్టమని ఆజ్ఞాపించిన ఉత్తర వెయి చక్రవర్తి కూడా షియాన్‌బెయ్ వాడే. మరి సరిహద్దు రాజులే ఆదరించారని ఎలా అనగలం? అతని ఆజ్ఞ వెనుక ఉన్నది ఒక హాన్ మంత్రి. ఆ ఆజ్ఞ ఏ భాషలో మాట్లాడిందో చూస్తే జవాబు దొరుకుతుంది. పరదేశపు దేవుణ్ని తోసేసి చైనా ప్రాచీన ధర్మాన్ని నిలుపుతానని అది చాటింది. అంటే సరిహద్దు రాజు హాన్ చక్రవర్తిలా కనబడాలనుకున్నప్పుడు బుద్ధుణ్ని వదులుకోవాల్సి వచ్చింది. అతని వారసుడు 452లో నిషేధం ఎత్తేశాడు. కొద్ది ఏళ్ళకే యున్‌గాంగ్ గుహల్లో రాజవంశం పేర మహా బుద్ధవిగ్రహాల చెక్కడం మొదలైంది. మినహాయింపు నియమాన్నే బలపరిచింది.

బింగ్‌లింగ్‌లో అందరి కళ్ళూ పడేది 27 మీటర్ల మైత్రేయుడి మీద. అది తాంగ్ వంశ కాలపు పని కాబట్టి ఈ చోటును తాంగ్ వైభవానికే జమకడతారు. కానీ అప్పటికే మూడు శతాబ్దాలుగా సాగుతున్న చోట తాంగ్‌లు మరో అధ్యాయం చేర్చారంతే. 731లో టిబెట్‌కు వెళ్ళిన తాంగ్ రాయబారుల బృందం ఇక్కడ శాసనం వదిలింది. ఆ శతాబ్దం రెండో సగంలో ఈ ప్రాంతం టిబెట్ వశమైంది. పాత చిత్రాల మీద తర్వాతి కాలంలో టిబెట్ సంప్రదాయపు తాంత్రిక దేవతలు వెలిశారు. నేడు ఈ గుహలు హుయీ ముస్లింల పేర ఏర్పడిన స్వయంపాలిత ప్రాంతంలో ఉన్నాయి. 1969లో విద్యుత్తు మొదలుపెట్టిన ల్యూజియాషియా ఆనకట్ట నీరు ఆలయ ముంగిట దాకా వచ్చింది. అందుకే ఆలయం ముందు అడ్డుకట్ట కట్టారు, దిగువన ఉన్న పరినిర్వాణ బుద్ధుణ్ని ముక్కలుగా కోసి ఎదుటి ఒడ్డుకు తరలించారు.

మతాలన్నీ చైనీయం కావాలని ఇక్కడి ప్రభుత్వం నేడు పదేపదే అంటోంది. బింగ్‌లింగ్ సాక్ష్యం ఆ మాటకు ఎదురు ప్రశ్న వేస్తుంది: నేడు చైనీయమని చెప్పుకునే దానిలో ఎంత భాగాన్ని, ఒకప్పుడు చైనీయులు కారనిపించుకున్నవాళ్ళు తయారుచేశారు? బౌద్ధం మాదే అని రొమ్ము విరుచుకునే మనమూ ఇదే ప్రశ్న వేసుకోవాలి. అమరావతిలో, నాగార్జునకొండలో మనం నిలుపుకోలేకపోయిన మతాన్ని పరాయివాళ్ళు తమ అవసరానికి మలుచుకుని బతికించారు. ఆ ఘనతలో మన వాటా ఆరంభంతోనే ముగిసింది.