పారిస్ మేయరు చేతిలో కృష్ణాపురం గణితం

పద్దెనిమిదో శతాబ్దంలో మన పంచాంగ గణితాన్ని మెచ్చి పుస్తకమే రాసిన ఫ్రెంచి ఖగోళవేత్త ఝాఁ సిల్వాఁ బాయీ. 1736లో పారిస్‌లో పుట్టాడు. గురుడి ఉపగ్రహాల మీద చేసిన పనితో పేరు తెచ్చుకున్నాడు. 1789 జూలైలో, విప్లవం మొదలైన రోజుల్లో, ఆ నగరానికి తొలి మేయరయ్యాడు.

పుస్తకానికి ముడిసరుకు మాత్రం దక్షిణాది నుంచే వెళ్లింది. ఫ్రెంచి జెసూట్ పాదిరీలు కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు, కన్నడ సీమల్లో పనిచేసేవారు. బెంగళూరుకు ఉత్తరాన ఉన్న బళ్లాపురం వారి మకాముల్లో ఒకటి. 1750 ప్రాంతంలో దుషాఁ అనే పాదిరీ కృష్ణాపురం నుంచి గ్రహగణిత పట్టికలు పంపాడు. నరసాపురం పట్టికలను పతూయే అనే మరో పాదిరీ పారిస్‌లోని ఖగోళవేత్త దెలీల్‌కు చేరవేశాడు. కృష్ణాపురం లెక్కకు ఆదిదినం 1491 మార్చి 10, నరసాపురానిది 1569. ఆదిదినం నుంచి గడిచిన రోజులే అహర్గణం. దాన్ని గ్రహం సగటు గతితో గుణించి, ఆదిదినపు స్థానానికి కలిపి, మంద, శీఘ్ర అనే సవరణలు చేస్తే స్ఫుటగ్రహం, అంటే ఆ రోజు గ్రహం నిజంగా ఉండే చోటు, వస్తుంది. సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడం చూడాలని వచ్చి, 1769లో పుదుచ్చేరిలో మబ్బుల వల్ల ఆ అవకాశం పోగొట్టుకున్న ఫ్రెంచి ఖగోళవేత్త లె జెంతీ కూడా గ్రహణాలు కట్టే పద్ధతిని ఇక్కడివారి దగ్గరే నేర్చుకున్నాడు.

ప్రాచీన శాస్త్రాల పుట్టుక మీద బాయీకి ఉన్న పిచ్చి ఉత్తరాల్లో ముదిరింది. శాస్త్రాలు గంగాతీరపు బ్రాహ్మణుల దగ్గర పుట్టాయని ఫ్రెంచి రచయిత వోల్టేర్ అనేవాడు. కాదు, అంతకు ముందే ఉత్తరాన ఒక జాతి ఉండి, మరుగున పడిపోయిందని బాయీ వాదం. ఆ వాదాన్ని వోల్టేర్‌కు రాసిన లేఖలుగా 1777లో అచ్చువేశాడు. దాని కొనసాగింపు 1779లో వచ్చేసరికి వోల్టేర్ లేడు. నా దృష్టిలో ఆ ఊహాజాతి కథ కంటే 1787 నాటి భారతీయ ఖగోళశాస్త్ర గ్రంథమే విలువైనది. అందులో ఊహ తగ్గింది, గణితం పెరిగింది.

కలియుగారంభమైన క్రీ.పూ. 3102లో గ్రహాలన్నీ ఒక్కచోట కలిసిన స్థితిని మనవాళ్లు కళ్లారా చూసి రాసుకున్నారని బాయీ నమ్మాడు. తెలుగు ఇళ్లలో ఉగాదినాడు పంచాంగం తెరిస్తే కనిపించే కల్యబ్దానికి మొదలు ఆ సంవత్సరమే. ఎడిన్‌బరోలో గణితవేత్త ప్లేఫేర్ ఆయన పక్షం నిలిచాడు. ఆ గ్రహస్థితి చూసి రాసింది కాదు, తర్వాతివారు వెనక్కి గణించి కుదిర్చిందని ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ తేల్చాడు. లాప్లాస్‌దే సరైన మాట. కలియుగారంభం రోజున గ్రహాలన్నీ ఒక్కచోట లేవు.

బాయీ తప్పు అక్కడే. కానీ మన గణితాన్ని మూఢనమ్మకమని తోసెయ్యకుండా, పారిస్ పట్టికల పక్కన పెట్టి అంకె అంకెనూ సరిచూసినందుకు ఆయనంటే నాకు గౌరవం. యూరప్‌లో ఆ పట్టికలు కృష్ణాపురం, నరసాపురం అన్న ఊరి పేర్లతోనే చలామణి అయ్యాయి. వాటిని కట్టిన సిద్ధాంతుల పేర్లు ఆ ఊళ్ల పక్కన ఉండవలసినవి.

1791లో షాఁ ద మార్స్ మైదానంలో జనం మీద కాల్పులు జరిగినప్పుడు మేయరు బాయీయే. ఆ ఏడే పదవి వదిలాడు. ఫ్రాన్స్ రాణి విచారణలో ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పలేదు. 1793 నవంబరు 12న ఆయన్ను గిలెటిన్‌కు పంపారు.