నిదానస్తుల వంతు

స్కూల్లో క్విజ్ అంటే నాకు భయం. జవాబు తెలిసేది, కానీ బజర్ మీద వేరేవాడి చెయ్యి ముందే పడేది. జట్లుగా యుద్ధం చేసే ఆటల్లో "ముందు ఎవరు?" అన్న ప్రశ్న నన్ను పట్టుకోవడానికి కారణం బహుశా అదే.

నిజం యుద్ధంలో ఎవరూ వంతులేసుకుని కొట్టుకోరు. ఆటలో తప్పదు. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ అచ్చువేసిన 'క్రీగ్‌ష్పీల్'లో ఒక్కో వంతు యుద్ధభూమి మీద రెండు నిమిషాలకు సమానం. రెండు జట్లూ ఆజ్ఞలు రాసి అంపైర్‌కి ఇస్తాయి. మ్యాప్ మీద దిమ్మలు జరిపేది ఆయనే. ముందూ వెనకా గొడవ లేదు. కాకపోతే యుద్ధం తెలిసిన అంపైర్ ఒకడు కావాలి. ఇంట్లో ఆడుకునేవాళ్ళకు అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు?

1971లో గైగాక్స్, పెరెన్ రాసిన 'చెయిన్‌మెయిల్' ఆ తీర్పుని పాచికకు అప్పగించింది. ఎక్కువ పడ్డ పక్షం ముందు కదలాలో తర్వాత కదలాలో తనే ఎంచుకోవచ్చు. చూశారా, ఆగడం కూడా ఒక లాభమేనని అప్పటికే తెలుసు! 2000లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' మూడో ఎడిషన్‌లో పాచిక జట్టుకి కాదు, ఒక్కో పాత్రకి. దానికి ఆ పాత్ర చురుకుదనం కూడా కలుస్తుంది.

ఈలోగా వీడియో గేములు ఇంకో దారి పట్టాయి. 1991లో 'ఫైనల్ ఫాంటసీ 4' కోసం హిరోయుకి ఇతో ఫార్ములా వన్ రేసుల స్ఫూర్తితో ప్రతి పాత్రకూ విడిగా ఒక గడియారం పెట్టాడు. మనం మెనూలో మందు వెతుక్కుంటుంటే శత్రువు ఊరుకోడు. వేగం ఇప్పుడు పాత్రకే కాదు, ఆడేవాడి వేలికీ కావాలి. మళ్ళీ అదే బజర్! 2001లో 'ఫైనల్ ఫాంటసీ 10' ఆ గడియారాన్ని ఆపేసి, రాబోయే వంతుల వరసని తెర మీదే చూపించింది. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు.

నాకు అన్నిటికంటే నచ్చిన జవాబు మాత్రం పోకెమాన్‌ది. ఇద్దరూ గుట్టుగా ఎంచుకుంటారు, కంప్యూటర్ అంపైర్. రైస్విట్జ్ పద్ధతే, కాకపోతే ఇక్కడ మామూలుగా వేగం ఎక్కువున్నదే ముందు కొడుతుంది. 2006లో 'ట్రిక్ రూమ్' అనే ఎత్తు చేర్చారు. అది పడితే ఐదు రౌండ్ల పాటు వరస తలకిందులు, నెమ్మదైనవే ముందు. అయితే ఆ ఎత్తు వేసేది ఆ రౌండులో చివరికి గానీ కదలదు. అందాకా పక్కనున్న జోడీ దెబ్బలు తన మీదకు లాక్కుని దాన్ని కాపాడాలి.

నిదానమే ప్రధానం అని మనవాళ్ళు ఊరికే అనేశారు. నిదానస్తుడి వంతు వచ్చేదాకా పక్కన ఎవరో ఒకరు కాచుకోవాలని ఆ సామెతలో లేదు. ఈ ఆటలో ఉంది.