కాక్లియర్ ఇంప్లాంట్ వినికిడినిస్తుంది, మరి సమతాస్థితి?

పుట్టుకతో వినికిడి లేని శిశువుకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చిన తరువాత కుటుంబం దృష్టి అంతా మాటలపైనే నిలుస్తుంది. పిలిస్తే పలుకుతున్నాడా, కొత్త మాటలు నేర్చుకుంటున్నాడా అన్నదే అందరి ఆరాటం. అదే బిడ్డ ఆలస్యంగా నడవడం, తరచూ తూలిపడటం, చీకట్లో అడుగు వేయడానికి జంకడం వంటివి చాలాసార్లు లెక్కలోకి రావు. నిజానికి ఈ రెండు సమస్యలకూ మూలం ఒకే చోట, లోపలి చెవిలో, ఉండవచ్చు.

ఒకే చెవిలో రెండు జ్ఞానాలు

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తం ధ్వనిని గ్రహిస్తుంది. దానిని ఆనుకునే శరీర సమతాస్థితిని కాపాడే ఐదు భాగాలు ఉంటాయి. మూడు అర్ధవర్తుల కుల్యలు తల ఏ వైపు తిరిగినా ఆ కదలికను పసిగడతాయి. యుట్రిక్యులస్, సాక్యులస్ అనే రెండు చిన్న సంచులు గురుత్వాకర్షణను, ముందువెనుకలకు, పైకీ కిందికీ జరిగే కదలికలను గుర్తిస్తాయి. వినికిడికైనా, సమతాస్థితికైనా ఆధారం సూక్ష్మమైన రోమ కణాలే. రెండింటి సంకేతాలనూ మెదడుకు చేరవేసేది ఎనిమిదో కపాల నాడి. అందువల్ల ఒకదానిని దెబ్బతీసిన కారణం రెండోదానినీ తాకే అవకాశం ఎక్కువ.

ఈ సంబంధం కొత్తగా తెలిసినది కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1882లో ప్రచురించిన అధ్యయనంలో 519 మంది బధిరులను గుండ్రంగా తిప్పి చూడగా, 186 మందికి కళ్లు తిరగనే లేదు.

కారణాన్ని బట్టి తీవ్రత

ఇంప్లాంట్ అవసరమైన పిల్లల్లో సుమారు సగం మందికి ఏదో ఒక స్థాయిలో సమతాస్థితి లోపం ఉంటుందని పలు అధ్యయనాల అంచనా. అయితే అది అందరిలో ఒకేలా ఉండదు. కనెక్సిన్ 26 జన్యులోపం వల్ల వినికిడి కోల్పోయిన పిల్లల్లో సమతాస్థితి చాలావరకు బాగానే ఉంటుంది. మెనింజైటిస్ సోకినవారిలోనూ, తల్లి గర్భంలో ఉండగా సైటోమెగాలో వైరస్ బారిన పడినవారిలోనూ, లోపలి చెవి నిర్మాణంలో లోపాలున్నవారిలోనూ ముప్పు అధికం.

అషర్ సిండ్రోమ్ మొదటి రకంలో పుట్టుకతోనే వినికిడి, సమతాస్థితి రెండూ ఉండవు. తరువాతి ఏళ్లలో రేచీకటి మొదలై చూపు క్రమంగా తగ్గుతుంది. ఇలాంటి పిల్లల్లో నడక ఆలస్యం కావడమే తొలి హెచ్చరిక కావచ్చు.

ఇంప్లాంట్ చేసేది, చేయనిది

దెబ్బతిన్న రోమ కణాలతో నిమిత్తం లేకుండా, ఇంప్లాంట్ విద్యుత్ సంకేతాలను నేరుగా శ్రవణ నాడికి అందిస్తుంది. సమతాస్థితి అవయవాల పనిని అది చేయదు. కొందరిలో శస్త్రచికిత్స కర్ణావర్తానికి దగ్గరగా ఉండే సాక్యులస్‌ను కొంత దెబ్బతీయవచ్చు. అంతమాత్రాన శస్త్రచికిత్సకు వెనుకాడనవసరం లేదు. చిన్న వయసులో అమర్చిన ఇంప్లాంట్ వల్ల భాషాభివృద్ధికి కలిగే మేలు ఎక్కువ. శస్త్రచికిత్సకు ముందూ తరువాతా సమతాస్థితిని పరీక్షించడమే సరైన మార్గం.

లోపం ఎందుకు కనబడదు?

లోపలి చెవి సహకరించనప్పుడు పిల్లలు కంటిచూపుపైనా, కండరాలు, కీళ్ల నుంచి అందే స్పర్శజ్ఞానంపైనా ఆధారపడతారు. వెలుతురులో, చదునైన నేలపై వారి నడక మామూలుగానే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు, ఇసుకలో నడిచేటప్పుడు, తలంటు పోసుకుంటూ కళ్లు మూసుకున్నప్పుడు తూలుతారు. తల కదులుతుంటే చూపు నిలవక అక్షరాలు మసకబారవచ్చు. నీటిలో మునిగితే పైకీ కిందికీ తేడా తెలియకపోవచ్చు కనుక, ఈ పిల్లలను ఈతకు ఒంటరిగా వదలకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం శిశువులు సాధారణంగా 9 నెలలు నిండేసరికి ఆసరా లేకుండా కూర్చుంటారు, 18 నెలలలోపు పట్టుకోకుండా నడుస్తారు. ఈ గడువులు దాటితే పరీక్ష అవసరం. కాస్త పెద్ద పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడలేకపోవడం, ఒంటికాలిపై నిలబడలేకపోవడం, సైకిల్ నేర్చుకోలేకపోవడం కూడా సూచనలే. వీటిని సోమరితనంగానో, మందబుద్ధిగానో భావించడం పొరపాటు.

పడిపోవడం వల్ల గాయాలే కాదు, పరికరానికీ ముప్పు ఉంటుంది. సమతాస్థితి కోల్పోయిన పిల్లల్లో ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశం ఎక్కువని కెనడాలోని టొరంటో సిక్‌కిడ్స్ ఆసుపత్రి పరిశోధకులు గుర్తించారు.

పరీక్షలు, వ్యాయామాలు

బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో వినికిడి లోపమున్న శిశువులకు ఆరు నెలల వయసు నుంచే సమతాస్థితి పరీక్ష చేసే కార్యక్రమం 2018లో మొదలైంది. ధ్వనికి మెడ కండరాల ప్రతిస్పందనను కొలిచే వెంప్ పరీక్ష పసిపిల్లలకూ అనువైనది. తలను చటుక్కున తిప్పి కళ్ల కదలికను కెమెరాతో నమోదు చేసే పరీక్ష మరొకటి.

భారత్‌లో కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద అర్హులైన పిల్లలకు ఇంప్లాంట్లు అందుతున్నాయి. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ దీనికి నోడల్ సంస్థ. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద కూడా ఈ శస్త్రచికిత్స జరుగుతోంది. శస్త్రచికిత్స తరువాతి శిక్షణలో వినడం, మాట్లాడటం ప్రధానాంశాలు. సమతాస్థితి గురించి తల్లిదండ్రులే వైద్యులను అడగడం మేలు.

కోల్పోయిన అవయవ శక్తి సాధారణంగా తిరిగి రాదు. అయినా మెదడు ఇతర జ్ఞానాలను మెరుగ్గా వాడుకోవడం నేర్చుకోగలదు. మెత్తని పరుపుపై నిలబడటం, గీతపై నడవడం, తల తిప్పుతూ ఒకే వస్తువుపై చూపు నిలపడం, బంతి ఆటలు వంటి వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ఆటలా చేయించవచ్చు. రాత్రిపూట గదిలో చిన్న దీపం ఉంచడం, మెట్లకు పట్టుకొమ్మ అమర్చడం, సైకిల్ ఎక్కితే హెల్మెట్ పెట్టడం ఏ ఇంట్లోనైనా సాధ్యమే. మాటతో పాటు నడకనూ గమనించినప్పుడే ఆ బిడ్డకు అందిన చికిత్స సంపూర్ణమవుతుంది.