గాల్వే సీమలోని రెండు భవనాలు

ఐర్లండు పశ్చిమ తీరంలోని గాల్వే సీమలో భూస్వాముల భవనాలకు కొదవ లేదు. కొన్ని నేటికీ చెక్కుచెదరక ఉన్నవి. కొన్నింటికి ఆనవాళ్లు మాత్రమే మిగిలినవి. ఏది నిలిచింది, ఏది కూలింది అన్నదానికీ వాటి ఘనతకూ సంబంధం లేదు.

కైల్‌మోర్ కోట చూపులకు ప్రాచీనంగా కనబడుతుంది. నిజానికది 1867లో మొదలై 1871లో పూర్తయిన కట్టడం. మాంచెస్టరు వర్తక కుటుంబానికి చెందిన మిచెల్ హెన్రీ దానిని సరస్సు ఒడ్డున, కొండ వాలున కట్టించినాడు. 1903లో అది ఇతరుల పాలైంది. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియం విడిచి వచ్చిన బెనెడిక్టు సంప్రదాయపు సన్యాసినులు 1920లో దానిని మఠంగా చేసుకొన్నారు. వారు కాపురముండుటచేతనే కోట దక్కింది.

కూల్ పార్కుకు అట్టి అదృష్టం పట్టలేదు. ఆ భూమిని 1768లో కొన్న రాబర్టు గ్రెగరీ ఈస్టిండియా కంపెనీ కొలువులో ధనవంతుడైనవాడు. అనగా ఆ సౌభాగ్యానికి మూలం మన దేశపు సొమ్మే. ఆయన మునిమనుమడు విలియం గ్రెగరీ పార్లమెంటు సభ్యుడు. బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఐర్లండు కరవుపాలైన రోజులవి. పావు ఎకరానికి మించి భూమి ఉన్న కౌలురైతుకు సహాయం అందరాదన్న నిబంధనను ఆయన 1847లో చట్టంలో చేర్పించినాడు. తిండి కావలెనన్నచో నేల వదలుకొనవలె. ఎందరో వదలుకొన్నారు. విచిత్రమేమంటే, అదే సంవత్సరం విలియం తండ్రి ఆకలిగొన్న తన కౌలుదార్లను పరామర్శింపబోయి, జ్వరం సోకి మరణించినాడు. ఒకే ఇంట ఈ రెండూ జరిగినవి.

1892లో విలియం గతించిన పిమ్మట ఆ ఇల్లు ఆయన భార్య ఆగస్టా మూలంగా సాహిత్యానికి నెలవైంది. యేట్సు అక్కడ వేసవులు గడిపినాడు. 1904లో డబ్లిన్‌లో తెరచిన ఆబీ నాటకశాలకు ఆమె సంస్థాపకులలో ఒకరు. రవీంద్రుని ‘డాక్‌ఘర్’ 1913లో ఆంగ్లంలో ప్రదర్శితమైనది ఆ రంగస్థలం మీదనే.

1927లో ఎస్టేటు ప్రభుత్వపరమైంది. పావు ఎకరం నిబంధన తెచ్చినవాని భార్య తన ఇంటిలోనే అద్దె చెల్లిస్తూ 1932లో కన్నుమూసింది. 1941లో భవనాన్ని పడగొట్టినారు. తోటలో ఒక బీచ్ చెట్టు మాత్రం ఉన్నది. యేట్సు, షా, సింజ్ తమ పేర్ల పొడి అక్షరాలు చెక్కినది దాని బెరడు మీదనే.