పత్తి తాగిన సముద్రం

నేడు గడ్చిరోలి జిల్లాకు ఒక మూలగా కనిపించే బామ్ని, సిరొంచ ప్రాంతం పందొమ్మిదో శతాబ్దంలో పత్తి వ్యాపారపు దారిలో ఉండేది. నిజాం 1860లో గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఆంగ్లేయులకు వదులుకున్నాక సిరొంచ అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రమైంది. బేరారు ప్రాంతపు పత్తిని పడవల్లో ప్రాణహిత, గోదావరుల మీదుగా తూర్పు తీరానికి దింపాలని, రాళ్లు అడ్డుపడే దుమ్ముగూడెం వంటి చోట్ల ఇంజినీర్లు ఆనకట్టలు, లాకులు (పడవను ఒక మట్టం నుంచి మరో మట్టానికి మార్చే తలుపుల తొట్లు) కట్టసాగారు. అయితే 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరడంతో పత్తికి వేగమైన దారి దొరికి, 1871లో ఆ పథకం మూలపడింది.

అమెరికా అంతర్యుద్ధంతో లోకానికి పత్తి కొరత వచ్చిన ఆ దశాబ్దంలోనే, 1865లో, రష్యా తాష్కెంట్‌ను ఆక్రమించి మధ్య ఆసియాను తన పత్తి చేనుగా మార్చుకునే దారి పట్టింది. అక్కడి అరల్ సముద్రం నిజానికి బయటికి దారి లేని ఉప్పునీటి సరస్సు. అము దర్యా, సిర్ దర్యా తెచ్చే నీరు ఆవిరయ్యే నీటికి సరితూగినంత కాలమే దాని మట్టం నిలిచేది. సోవియట్ ప్రభుత్వం ఆ నదులను పత్తి, వరి సాగుకు మళ్లించింది. 1954లో మొదలైన కరకుమ్ కాలువకు లైనింగ్ లేనందున చాలా నీరు ఇసుకలోనే ఇంకిపోయింది. 1960లో సుమారు 68,000 చదరపు కిలోమీటర్లున్న సముద్రం 1987 నాటికి రెండు ముక్కలైంది, ఉప్పదనం పెరిగి చేపల వేట అంతకుముందే ఆగిపోయింది. మొయ్‌నాక్ రేవులో చేపలను డబ్బాల్లో నిల్వచేసే కర్మాగారాన్ని నడపడానికి దూరపు సముద్రాల నుంచి గడ్డకట్టించిన చేపలను తెప్పించవలసి వచ్చింది. సముద్రం ఇంకిపోతుందని ప్రణాళికాకర్తలకు ముందే తెలుసు. వారి నీటి లెక్కల్లో పొలానికి వాటా ఉంది, సముద్రానికి లేదు. 2005లో కజకిస్తాన్ కోక్-అరల్ కట్టతో సిర్ దర్యా నీటిని ఉత్తర భాగంలోనే నిలిపి ఉంచాక, అక్కడ మట్టం పెరిగి చేపలు మళ్లీ వచ్చాయి.

గోదావరి మీద కూడా జాయక్‌వాడీ, శ్రీరాంసాగర్ జలాశయాలు ఎగువనే నీటిని పట్టి వాడుకోవడంతో, వేసవిలో సిరొంచ దగ్గరి ప్రవాహానికి ప్రాణహితే ప్రధాన ఆధారమైంది. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ ఉద్దేశం ఆ నీటిని తిరిగి ఎగువకు ఎత్తిపోయడమే. గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది కాబట్టి ఇక్కడి వాడకంతో అరల్‌లా సముద్రమేదీ ఇంకిపోదు. ఆ లోటు నదిలోనే, ప్రాణహిత, గోదావరి కలిసే సంగమం దగ్గర రెండు నదుల నీటి తేడాగా బయటపడుతుంది.